జీపంతా మాట్లాడింది

అరసవల్లి అనగానే పాఠకులకు సూర్యనారాయణస్వామి గుడి గుర్తుకొస్తుంది. ఏటా మార్చిలో కొన్ని రోజులు, అక్టోబరులో కొన్ని రోజులు ఉదయపు తొలికిరణాలు వాకిళ్లన్నీ దాటుకుంటూ గర్భగుడిలోకి వచ్చి స్వామి పాదాలను తాకుతాయి. ఆ కాసేపటి దర్శనం కోసం ఎక్కడెక్కడి జనమో తెల్లవారకముందే వచ్చి నిలబడతారు. మా ఇల్లు ఆ గుడికి నాలుగు వీధుల అవతల. చిన్నప్పటినుంచీ చూస్తున్నవాణ్ణి గనుక ఒక సంగతి నాకు బాగా తెలుసు. కిరణం ఎంత దూరం నుంచి వచ్చినా సరే, దారిలో ఒక్క తలుపు మూసి ఉంటే పాదాలదాకా రాదు.

ఈ మాట ఎందుకు ఎత్తుకున్నానంటే, నేనిప్పుడు చెప్పబోయేదీ అలాంటి సంగతే. వెలుగూ రేడియో తరంగాలూ ఒక్క జాతివే. వాటి దారిలోనూ మూసిన తలుపులు ఉంటాయి. అలాంటి తలుపొకటి మా మేనల్లుడి జీపు మీద, కొత్త రంగు కింద దాగి ఉండి, 2018లో ఒక శుక్రవారం పూట మా ప్రాణాలు తోడేసింది.

నేను కాలేజీలో తెలుగు చెప్పుకొని బతికేవాణ్ణి. భౌతికశాస్త్రాన్ని నేను ఇంటర్మీడియట్‌లో వదిలేశాను. అది నన్ను అంతకుముందే వదిలేసింది. అంచేత ఇందులో చెప్పే విజ్ఞానమంతా మా మేనల్లుడు నాకు పాఠం చెప్పినది. అతడు మా అక్క కొడుకు. శ్రీకాకుళంలో మోటార్లకు తీగ చుట్టే దుకాణం పెట్టుకొని మా ఇంట్లోనే ఉంటాడు. కేంద్రప్రభుత్వం పెట్టే పరీక్ష ప్యాసై, సొంత రేడియో సెట్టుతో మాట్లాడే లైసెన్సు తెచ్చుకున్నాడు. ఇలాంటివాళ్లను ‘హామ్’లంటారు. పన్నెండేళ్లు నిండిన పిల్లలు కూడా ఆ పరీక్షకు కూర్చోవచ్చునట. ఇంటర్మీడియట్ చదువుతున్న మా అమ్మాయి కూడా బావ పోరు పడలేక ఆ పరీక్ష రాసి నెగ్గింది. మా పెరట్లో రెండు కొబ్బరిచెట్ల మధ్య ఒక తీగ, మేడమీది గదిలో ఒక సెట్టు, జీపులో ఇంకొక సెట్టు. ఇదీ మా ఇంటి ఆకాశవాణి!

పుల్ల పొడవు

జీపు వెనకభాగాన నిలబెట్టిన పుల్లను ఇప్పటివాళ్లు యాంటెన్నా అంటారు. మా నాన్నగారి కాలంనుంచీ మా ఇంట్లో అది ఏరియలే. దాన్ని మన ఇష్టం వచ్చినంత పొడవు పెట్టడానికి లేదు. తరంగం పొడవులో నాలుగో వంతు ఉంటే అది హాయిగా పలుకుతుంది. లెక్క తేలికే. స్టేషను మెగాహెర్ట్జ్ ఎన్నో చూసి, 300ని దానితో భాగిస్తే తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. హామ్‌లు వాడే 145 మెగాహెర్ట్జ్ తరంగం రెండు మీటర్ల పైచిలుకు. అందులో నాలుగో వంతు అరమీటరు. జీపు కప్పు నడుమ ముచ్చటగా నిలబడుతుంది.

అయితే ఈ పొట్టి తరంగాలు గుడిలోకి వచ్చే సూర్యకిరణాల్లాగే దాదాపు తిన్నగా పోతాయి. భూమేమో గుండ్రం. రెండు మీటర్ల ఎత్తున ఏరియల్ ఉన్న రెండు జీపులు చదునైన నేలమీద పన్నెండు కిలోమీటర్లు దాటితే ఒకదానికొకటి మరుగైపోతాయి. వంద మీటర్ల కొండమీద స్టేషను ఉంటే మాత్రం, నలభై అయిదు కిలోమీటర్ల దాకా దానికీ జీపుకూ చూపు ఆనుతుంది.

అంతకంటె దూరం మాట్లాడాలంటే ఇంకో దారి ఉంది. అక్కడ మా ఊరి దేవుడే దిక్కు. సూర్యుడి తేజస్సు గాలిపొరల పైభాగంలో అణువులను చీల్చి, విద్యుత్తు నిండిన పొరలు ఏర్పరుస్తుంది. 7 మెగాహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలు పైకి పోయి, 250, 300 కిలోమీటర్ల ఎత్తున ఉన్న పొరకు తగిలి మళ్లీ కిందికి దిగుతాయి. పగటిపూట వీటికి కింద మరొక పొర ఉండి మధ్యతరంగాలను మింగేస్తుంది. పొద్దుగుంకగానే అది కరిగిపోతుంది. చిన్నప్పుడు రాత్రిపూట రేడియోలో దూరపు స్టేషన్లు ఎందుకంత బాగా వినబడేవో నాకు నలభై ఏళ్లు వచ్చాక గాని తెలియలేదు.

చిక్కేమిటంటే, 7 మెగాహెర్ట్జ్ తరంగంలో నాలుగో వంతు పదిన్నర మీటర్లు. మూడంతస్తుల మేడంత! దాన్ని జీపుమీద నిలబెడితే మొదటి కరెంటుతీగ దగ్గరే కథ ముగుస్తుంది. కాబట్టి రెండున్నర మీటర్లకు లోపుగా ఒక పుల్ల పెట్టి, దాని నడుమ రాగితీగ చుట్ట ఒకటి బిగించి, ‘నీవు పదిన్నర మీటర్ల దానివే’ అని పుల్లను నమ్మిస్తారు. ఆ నమ్మకానికి ఖరీదు ఉంది. సెట్టు ఇచ్చిన శక్తిలో నూటికి పదిపాళ్లు ఆకాశానికి దక్కితే చాలా బాగా అమర్చినట్టు. తక్కినదంతా తీగచుట్టలోనూ, బండి కింది నేలలోనూ వేడిగా మారిపోతుంది.

“మామయ్యా, అందరూ పుల్లనే చూస్తారు. అది సగమే. రెండో సగం జీపు ఒళ్లు” అనేవాడు మా వాడు. సెట్టునుంచి విద్యుత్తు పుల్లలోకి ఎగబాకాలంటే, అంత విద్యుత్తూ రెండోవైపున జీపు ఇనుములో పరుగెత్తాలి. అటు దారి లేకపోతే ఇటు కదలిక లేదు. కర్త ఉండి క్రియ లేకపోతే వాక్యం అవుతుందా? ఇదీ అంతేనని నేను అర్థం చేసుకున్నాను. మార్కోనీ కూడా మొదటినుంచీ ఒక తీగను ఆకాశంలోకి లేపి, రెండో కొసను భూమిలో పాతేవాడు. 1901లో ఇంగ్లండులో ఆవిరితో నడిచే బండిమీద పెద్ద గొట్టంలాంటి ఏరియల్ నిలబెట్టి, ప్రయాణంలో దాన్ని పడుకోబెట్టే ఏర్పాటు చేశాడు. రబ్బరు చక్రాల బండి వెంట భూమిని పాతుకుంటూ పోలేము గనుక, బండి ఒళ్లే భూమి పని చేయాలి.

ఇదంతా విని తలూపానే గాని, నిజంగా అర్థమైంది తిత్లీ వచ్చాకే.

అమ్మకు చెప్పకు

2018 అక్టోబరు 11వ తేదీ, గురువారం తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. గాలివేగం గంటకు 140, 150 కిలోమీటర్లు. ఉద్దానమంతా కొబ్బరి, జీడిమామిడి, పనస వేళ్లతో సహా పడిపోయాయి. ‘ఉద్యానం’ మాటే వాడుకలో ‘ఉద్దానం’ అయిందని మేము క్లాసులో చెబుతాం. ఆ పొద్దు ఆ మాటకు అర్థం లేకుండా పోయింది.

మా అక్క కవిటి దగ్గర ఒక పల్లెలో ఉంటుంది. బావగారు పోయినా ఆ ఇల్లు వదిలి రాలేదు. బుధవారం రాత్రి ఎనిమిదింటికి ఫోనులో, “గాలి మొదలైందిరా తమ్ముడూ, అమ్మకు చెప్పకు” అంది. అదే ఆఖరు. గురువారమంతా ఎన్నిసార్లు చేసినా ఫోను పలకలేదు. కరెంటు లేదు, టవర్లు పనిచేయడం లేదు. అమ్మకు మేము చెప్పకపోయినా తెలిసిపోయింది. రాత్రి అన్నం ముందు కూర్చుని, “దాని గొంతు ఒక్కసారి వినిపించండర్రా” అంది.

శుక్రవారం చీకటితోనే నేనూ మేనల్లుడూ జీపులో బయలుదేరాం. డీజిల్ నింపుకున్నాం. రంపం, తాళ్లు, మంచినీళ్ల డబ్బాలు వేసుకున్నాం. మా అమ్మాయి ఇంట్లో సెట్టును బ్యాటరీకి తగిలించి కూర్చుంది. గాలికి తెగిన తీగను తనే మళ్లీ చెట్లకు కట్టించింది. “గంట కొట్టినప్పుడల్లా పిలుస్తాం. అయిదు నిమిషాలు విను” అని చెప్పాడు మావాడు.

పదిగంటలకు పలాస దాటి రోడ్డుపక్కన ఆపాం. అమ్మాయి గొంతు గంట మోగినట్టు వినబడింది. “బావా, నాకేమీ వినపడటం లేదు. మళ్లీ పిలు” అంటోంది. మళ్లీ పిలిచాం. మళ్లీ అదే మాట. సెట్టుపక్కన ఒక చిన్న మీటరు ఉంటుంది. ఏరియల్‌లోకి పోయిన శక్తి ఎంత వెనక్కి తిరిగివస్తున్నదో చూపిస్తుంది. ఒకటి దగ్గర ఉంటే భేషైనట్టు. మూడు దాటితే చెడినట్టు. మా మీటరు 1.1 చూపిస్తోంది. నూటికి నూరు మార్కులు! పదకొండింటికీ ఇదే తంతు.

చెట్లు కోసుకుంటూ, తోవ ఇచ్చినచోటల్లా దూరుకుంటూ పన్నెండు దాటాక ఊరు చేరాం. పెంకులన్నీ ఎగిరిపోయిన ఇంటిముందు అక్క నిలబడి ఉంది. రాత్రంతా వంటింటి మూల మంచం కింద గడిపిందట. మోచెయ్యి గీసుకుపోవడం తప్ప దెబ్బలు లేవు. కొడుకును పట్టుకొని ఏడ్చి, నావైపు తిరిగి, “అమ్మకు చెప్పారా?” అంది.

అంతలో పక్కింటివాళ్లు వచ్చారు. ఉద్దానంలో మూత్రపిండాల జబ్బు సంగతి పాఠకులు ఎరిగినదే. ఆ ఇంటి తాతకు వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరగాలి. గురువారం ఆయన వంతు. దగ్గరి కేంద్రంలో కరెంటు లేదు. ముఖం ఉబ్బిపోయింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకొని కూర్చున్నాడు. “బండి ఉంది గదా బాబూ, ఎక్కడికైనా అట్టుకెల్లండి” అన్నాడు ఆయన కొడుకు.

ఎక్కడికి? ఉత్తరాన బరంపురం దగ్గర. కాని తుపాను అటూ కొట్టింది. దక్షిణాన శ్రీకాకుళం నూరు కిలోమీటర్ల పైమాట. దారిలో డీజిల్ బంకులు పనిచేయడం లేదు. ట్యాంకులో ఉన్నది ఒక్క దారికే సరిపోతుంది. వెళ్లినచోట మిషను ఖాళీ లేకపోతే తిరిగి ఇంకో ఊరు పోవడానికి నూనే లేదు, ఆయనకు వ్యవధీ లేదు. శ్రీకాకుళంలో ఒక్క మాట కనుక్కుంటే చాలు. ఒంటిగంటకు పిలిచాం. “బావా, ఏమీ లేదు” అంది మా అమ్మాయి. ఈసారి దాని గొంతు వణికింది.

మంచి మార్కుల మోసం

మావాడు జీపు వెనక చతికిలబడ్డాడు. “మామయ్యా, మీటరు అంతా బాగుందంటోంది. నాకు అదే అనుమానంగా ఉంది” అన్నాడు.

అతడు చెప్పింది ఇది. సెట్టు యాభై ఓముల బరువుకు తయారైంది. జీపుమీది పొట్టి ఏరియల్ సవ్యంగా ఉంటే, ఇరవై ఓముల పైనా కిందా ఉంటుంది. అంచేత మీటరు సుమారు రెండూ రెండున్నరా చూపించాలి. సరిపెట్టే సాధనమేదీ లేకుండానే ఒకటి చూపించిందంటే, మిగతా ముప్ఫై ఓములు ఎక్కడినుంచో వచ్చి కలిశాయన్నమాట. తుప్పో, రంగో, వదులు బోల్టో ఆ శక్తిని తినేస్తోంది. తినేసినది వెనక్కి రాదు కాబట్టి మీటరు సంతోషిస్తోంది!

నాకు వెంటనే మా క్లాసు మనసులో మెదిలింది. పాఠం అయ్యాక “అర్థమైందా?” అంటే ముందుబెంచీలో ఒక కుర్రవాడు ఎప్పుడూ “అర్థమైంది సార్” అంటాడు. ఎదురుప్రశ్న ఒక్కటీ వెయ్యడు. పరీక్షలో తెల్లకాగితం ఇస్తాడు. సందేహాలతో నన్ను వేధించే పిల్లవాడే నయం.

మరి ఆమె గొంతు మనకు బాగా వినబడుతోంది కదా, అన్నాను. “వినడానికి చెడిపోయిన ఏరియల్ కూడా చాలు. అది మాటనూ తగ్గిస్తుంది, ఆకాశంలోని రొదనూ అంతే తగ్గిస్తుంది. సెట్టులో గొంతు పెంచుకుంటే సరి. మనం పలికేటప్పుడు ఆ వెసులుబాటు లేదు” అన్నాడు.

ఏరియల్‌ను పట్టుకున్న ఇనుపపట్టీ బోల్టులు విప్పాడు. దానికింద వినాయకచవితికి ముందు వేయించిన కొత్త రంగు, అద్దంలా మెరుస్తూ! ఆ రంగు చూసి పెళ్లికొడుకులా ఉంది జీపని మెచ్చుకున్నవాణ్ణి నేనే. పట్టీకీ జీపు ఇనుముకూ మధ్య ఆ పొర అడ్డుగోడలా నిలిచింది. పుల్లకు రెండో సగం తెగిపోయింది.

అక్క చాకు తెచ్చి ఇచ్చింది. మావాడు ఇనుము తెల్లగా బయటపడేదాకా గీకసాగాడు. గుమిగూడినవాళ్లలో ఒక ముసలామె, “ఏటి బాబూ, పేనాలు పోతంటే బండికి రంగు గీకుతన్నావు?” అంది. ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బిగించిన బోల్టుల మీద నమ్మకం చాలక, పాత ఏరియల్ వైరు ముక్క ఒకటి చీల్చి, లోపలి రాగి జల్లెడను వెడల్పుగా లాగి, పట్టీనుంచి జీపు చట్రానికి కలిపాడు.

తరవాత చేసినది చూసి నేను హడలిపోయాను. ఏరియల్ కొసకు తాడుకట్టి, వెనక్కి వంచి, కూలిన కొబ్బరిమొద్దుకు కట్టేశాడు! నిటారుగా నిలబడ్డ పుల్ల తన నెత్తిమీదికి దాదాపు ఏమీ పంపదట. అరసవల్లి నూరు కిలోమీటర్లే గనుక, మాట దాదాపు తిన్నగా పైకి లేచి, చిమ్మెనగొట్టం నీళ్లలా చుట్టూ పడాలి. వెయ్యి కిలోమీటర్లు పంపాలంటే నిటారుగా ఉండాలి, దగ్గరివాళ్లకు చెప్పుకోవాలంటే వంగాలి. సవరణలయ్యాక మీటరు చూశాను. 2.4! “పాడు చేశావురా” అన్నాను. “ఇప్పుడు నిజం చెబుతోంది” అన్నాడు.

రెండుగంటలకు పిలిచాడు. ఒక క్షణం రొద తప్ప ఏమీ లేదు. తరవాత, “బావా! వినపడింది! సన్నగా ఉంది గాని మాట తెలుస్తోంది. అత్తయ్య ఎలా ఉంది?” అంది.

ముందు తాత సంగతి చెప్పాం, తరవాతే అక్క సంగతి. మా తమ్ముడు స్కూటరు మీద ఆసుపత్రికి పరుగెత్తాడు. మూడింటికి జవాబు వచ్చింది. “తీసుకురమ్మన్నారు. మిషను నడుస్తోంది.” ఆ తరవాత ఇంకొక గొంతు వినబడింది. సెట్టు ముందు కూర్చోబెడితే ఎటు చూసి మాట్లాడాలో తెలియక, గట్టిగా, “తల్లీ, అన్నం తిన్నావా?” అని అరిచింది మా అమ్మ. అక్క జవాబు చెప్పలేకపోయింది. తిన్నదని నేనే చెప్పాను.

రాత్రి తొమ్మిదింటికి తాతను ఆసుపత్రిలో దించాం. ఆ పూట గండం గడిచింది. రెండోనాడు చూడబోతే, “ఆ పుల్లేనేటి బాబూ, నా కోసరం మాటాడింది?” అన్నాడు.

“పుల్ల కాదు తాతా, జీపంతా మాటాడింది” అన్నాడు మావాడు.

మీ బండి సంగతి

పాఠకుల్లో హామ్‌లు కొద్దిమందే ఉండవచ్చు. అయినా కారులో రేడియో ఉన్నవారికీ, చేపల పడవలో సెట్టు పెట్టుకునేవారికీ మావాడి మాటలు కొన్ని పనికివస్తాయని రాస్తున్నాను.

పొట్టి ఏరియల్‌కు కప్పు నడిమి భాగం మేలైన చోటు. ఓ మూల పెడితే మాట బండి ఒళ్లు ఎక్కువ ఉన్న వైపుకే మొగ్గుతుంది. అయస్కాంతంతో అతుక్కునే ఏరియల్ 145 మెగాహెర్ట్జ్ వంటివాటికి చాలు. 7 మెగాహెర్ట్జ్ వంటివాటికి బోల్టు, గీకిన ఇనుము కావలసిందే. ఫైబరు పడవకు ఇనుప ఒళ్లు లేదు. దానికి రెండో సగం లోపలే ఇమిడిన, సగం తరంగం పొడవు ఏరియల్ కొనుక్కోవాలి. తీగచుట్ట పుల్ల అడుగున కంటె నడుమ ఉంటే ఎక్కువ ఫలం.

బండి తలుపులూ, ఇంజను మూతా, పొగగొట్టమూ విడివిడిగా వేలాడుతుంటే ఇంజను రొద రేడియోలోకి దూరుతుంది. అల్లిన రాగిపట్టీలతో వాటిని చట్రానికి కలపాలి. సెట్టుకు కరెంటు నేరుగా బ్యాటరీనుంచి తీసుకొని, ఫ్యూజు బ్యాటరీ దగ్గరే పెట్టాలి. మన సముద్రపుగాలికి రాగి పచ్చబడుతుంది. వైరు కీలులోకి ఒక్క చుక్క నీరు దిగినా చెడుతుంది. కీళ్లమీద రబ్బరు టేపు గట్టిగా చుట్టాలి. మాట్లాడుతున్నప్పుడు ఏరియల్‌ను ముట్టుకోకూడదు, ఒళ్లు కాలుతుంది. ముఖ్యంగా తుపాను తరవాత బండి ఆపేముందు తలెత్తి, తెగివేలాడే కరెంటుతీగలు ఉన్నాయేమో చూసుకోవాలి.

అన్నిటికంటె పెద్ద మాట, మీటరు బాగుందన్నంత మాత్రాన నమ్మకూడదు. నూరు కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి ‘వినపడింది’ అనాలి.

ఇప్పుడు ఏటా అక్టోబరు మొదటిరోజుల్లో, గుడిలో కిరణదర్శనం చేసుకొని వచ్చాక, మా మేనల్లుడు జీపు వెనక బోల్టులు విప్పి, ఇనుము గీకి, తుప్పు పట్టకుండా పలచగా గ్రీజు రాసి మళ్లీ బిగిస్తాడు. ఆ తరవాత జీపుకు రెండుసార్లు రంగు వేయించాం గాని, అరచేతి మందాన ఆ చోటు మాత్రం వదిలేశాం. చూసినవాళ్లు అక్కడ పెచ్చు లేచిందేమని అడుగుతుంటారు. దానికి రంగు వేయించవద్దని మా అమ్మ ఆజ్ఞ.